డ్రే కంటే ముందే డెత్ రో నుంచి బయల్దేరిన సౌండ్

లాస్ ఏంజెలెస్ ర్యాప్ లేబుల్ (అంటే రికార్డులు తీసే కంపెనీ) డెత్ రో రికార్డ్స్ సౌండ్ ఎప్పుడు మారిందీ అని ర్యాప్ వినేవాళ్ళని అడిగితే ఎక్కువమంది రెండు డేట్లలో ఒకటి చెప్తారు. ఒకటి 1995 అక్టోబర్, ర్యాపర్ టూపాక్ 14 లక్షల డాలర్ల బెయిల్ మీద జైలు నుంచి బయటికొచ్చి ఈ లేబుల్‌లో చేరిన నెల. రెండోది 1996 మార్చి, బీట్లు కట్టే ర్యాపర్ డాక్టర్ డ్రే తను పెట్టిన ఈ కంపెనీని తనే వదిలేసి ఆఫ్టర్‌మాత్ అనే వేరే లేబుల్ మొదలుపెట్టిన నెల. రెండూ పెద్ద విషయాలే, ఎవరూ కాదనరు. కానీ పేపర్ వార్తలు పక్కన పెట్టి పాటలు మాత్రమే వింటూ వెళ్తే ఆ మార్పు ఇంకా ముందే దొరికేస్తుంది, 1994 అక్టోబర్‌లో వచ్చిన 'మర్డర్ వాజ్ ద కేస్' అనే సినిమా ఆల్బమ్‌లో. అప్పటికి టూపాక్ ఇంకా ఈ లేబుల్ మనిషి కాదు, డ్రే ఇంకా కంపెనీలోనే ఉన్నాడు, రిలీజ్ చేసిందల్లా హిట్టే, పైకి చూస్తే ఏ గొడవా లేదు. పాటల్లో మాత్రం డ్రే అప్పటికే వేరు కుంపటి పెట్టేశాడు.

ఇది అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మనకి సినిమా ఆల్బమ్ అంటే ఒక మ్యూజిక్ డైరెక్టర్, ఐదారు పాటలు, ప్రతి పాటకీ సినిమాలో ఒక సిచ్యుయేషన్, ఆడియోలో ఉన్న పాట థియేటర్లో లేపేస్తే ఫ్యాన్స్ గోల. అమెరికాలో 90ల నాటి ర్యాప్ సౌండ్‌ట్రాక్‌లు అలా ఉండవు. చాలా పాటలు సినిమాలో సరిగ్గా కనపడవు కూడా, ఒకటి కారు రేడియోలో పది సెకన్లు మోగి ఆగిపోతుంది, ఒకటి పార్టీ సీన్లో డైలాగుల కింద నలిగిపోతుంది, ఇంకొన్నిటికి కథతో సంబంధమే ఉండదు, ఊరికే 'ఈ సినిమా నుంచి స్ఫూర్తి పొందిన పాటలు' అని అట్ట మీద ఒక ముక్క వేసి అమ్మేస్తారు. అసలు కథ ఏంటంటే సినిమా వాళ్ళకి పబ్లిసిటీ కావాలి, లేబుల్ వాళ్ళకి కొత్త ఆర్టిస్టుల్ని జనానికి వినిపించే చోటు కావాలి, ఇద్దరికీ పని జరిగిపోతుంది. (ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే డబ్బులు పెట్టేవాడు కాదు, బీటు కట్టి పాటని నిలబెట్టేవాడు, మన లెక్కలో మ్యూజిక్ డైరెక్టరే. డబ్బులు పెట్టేవాడు వేరే ఉంటాడు, డెత్ రోలో ఆయన పేరు సూజ్ నైట్.)

అందుకే ఒక లేబుల్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోడానికి స్టార్ల సోలో ఆల్బమ్‌ల కంటే సినిమా ఆల్బమ్ ఎక్కువ పనికొస్తుంది. సోలో ఆల్బమ్ పెళ్ళి ఫోటో లాంటిది, అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు, అసలు ఎవరు వండుతున్నారో ఎవరు అలిగారో తెలియాలంటే వెనకాల వంటల దగ్గరికి వెళ్ళాలి. సినిమా ఆల్బమ్‌లో రెండో వరస వాళ్ళు, పేరు రాని సింగర్లు, ట్రయల్ వేసి చూస్తున్న కొత్త ప్రొడ్యూసర్లు అందరూ ఒకేసారి దొరుకుతారు. పెద్ద ఆర్టిస్టు కూడా తన సొంత ఆల్బమ్‌లో చెయ్యడానికి భయపడే ప్రయోగం ఇక్కడ ధైర్యంగా చేసేస్తాడు, ఎందుకంటే ఫెయిలైతే అది సినిమా ఖాతాలోకి పోతుంది.

నిజానికి డెత్ రో సౌండ్ పుట్టింది కూడా సినిమా పాటలోనే. 1991లో డ్రే, సూజ్ నైట్, ర్యాపర్ ద డి.ఓ.సి., సోలార్ రికార్డ్స్ డిక్ గ్రిఫీ కలిసి ఈ కంపెనీని మొదలుపెట్టారు, అప్పటికి డ్రే ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ గ్రూపుని, ఈజీ-ఈకి చెందిన రూత్‌లెస్ రికార్డ్స్‌ని వదిలేసి వచ్చాడు, చేతిలో ఆల్బమ్ లేదు. 1992లో 'డీప్ కవర్' అనే పోలీస్ సినిమా వచ్చింది, బిల్ డ్యూక్ డైరెక్షన్, లారెన్స్ ఫిష్‌బర్న్ హీరో. దాని టైటిల్ సాంగ్ డ్రే చేశాడు, అది సోలోగా అతని మొదటి సింగిల్, స్నూప్ అనే సన్నటి కుర్రాడి గొంతు దేశం మొత్తం మొదటిసారి విన్నది కూడా అందులోనే. ఆ ఆల్బమ్ డెత్ రో పేరు మీద రాలేదు, సోలార్ ద్వారా వచ్చింది, ఐనా అందులో ఉన్నది డెత్ రో రక్తమే. ఆ పాట వింటే ఒక్క బేస్ లైను, పైన పల్చగా ఒక పియానో లాంటి గీత, గట్టి డ్రమ్ము, అంతే. చీకటిగా ఉంటుంది, ఎండ అస్సలు ఉండదు. ఈ చీకటి సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత మళ్ళీ అవసరం పడుతుంది.

ఎండ వచ్చింది అదే ఏడాది డిసెంబర్ 15న, 'ద క్రానిక్' ఆల్బమ్‌తో. దాన్నే జనం జీ-ఫంక్ అన్నారు. దీని కిటుకు పైకి చాలా సింపుల్‌గా ఉంటుంది, చెయ్యడం మాత్రం కష్టం. అప్పటిదాకా న్యూయార్క్ వాళ్ళు పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి బీట్లు కట్టేవాళ్ళు. డ్రే చాలాచోట్ల ఆ ముక్కని తీసుకోడానికి బదులు స్టూడియోకి మ్యూజిషియన్లని పిలిచి, అదే ట్యూన్‌ని మళ్ళీ వాయించి రికార్డ్ చేయించాడు, బేస్ కాలిన్ వుల్ఫ్ లాంటి వాళ్ళు వాయించారు. దానివల్ల రెండు లాభాలు. పాత రికార్డు చప్పుడు, గరగర ఉండదు, సౌండ్ అద్దంలా క్లీన్‌గా వస్తుంది. రెండోది, పాట రాసినవాళ్ళకి డబ్బు కట్టాలి గానీ అసలు రికార్డింగ్ హక్కులున్న కంపెనీకి కట్టక్కర్లేదు. ట్యూన్లు ఎక్కువగా పార్లమెంట్-ఫంకడెలిక్ దగ్గర్నుంచి, అంటే జార్జ్ క్లింటన్ 70ల ఫంక్ ఖజానా నుంచి వచ్చాయి, స్నూప్‌తో చేసిన పెద్ద హిట్‌కి మాత్రం 1975 నాటి లియాన్ హేవుడ్ పాట ఆధారం. పైన మూగ్ సింథసైజర్ మీద సన్నగా ఈల వేసినట్టు సాగే ఒక గీత, కింద లావుపాటి బేస్, నడక నిమిషానికి 90 నుంచి 100 బీట్ల మధ్య, తొందరేమీ లేదు, కారు అద్దాలు దించుకుని నెమ్మదిగా పోతున్నంత తీరిక. మాటలు మాత్రం తుపాకులు, చావులు. ఈ తేడానే జీ-ఫంక్ మజా, వినడానికి హాయిగా ఉంటుంది, ఏం చెప్తున్నాడో పట్టించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

1993 నవంబర్లో స్నూప్ 'డాగీస్టైల్' వచ్చేసరికి ఈ ఫార్ములా పీక్‌కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు నెలలకి, 1994 మార్చిలో డెత్ రో చేసిన సినిమా ఆల్బమ్ 'అబవ్ ద రిమ్'. తమాషా ఏంటంటే సినిమా న్యూయార్క్ హార్లెమ్‌లో జరిగే బాస్కెట్‌బాల్ కథ, పాటలు మాత్రం ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్ ఎండలో తడిసినవి, హార్లెమ్ కోర్టులో బాల్ ఎగురుతుంటే వెనకాల లాంగ్ బీచ్ గాలి వీస్తుంది. సూజ్ నైట్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, మొత్తం మీద పర్యవేక్షణ డ్రేది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్ళింది.

దాంట్లో అందరికీ గుర్తున్న పాట 'రెగ్యులేట్', వారెన్ జీ, నేట్ డాగ్. 1982 నాటి మైఖేల్ మెక్‌డొనాల్డ్ పాటని పునాదిగా పెట్టుకుని వారెన్ జీ కట్టిన బీటు, సింగిల్స్ చార్టులో అదీ రెండో స్థానం. జీ-ఫంక్ అంటే ఏంటో ఒక్క పాటలో చూపించమంటే చాలామంది దీన్నే పెడతారు. కానీ ఇందులో డ్రే చెయ్యి లేదు! వారెన్ జీ డ్రేకి సవతి తమ్ముడు, స్నూప్, నేట్ డాగ్‌లతో కలిసి 213 అనే గ్రూపు నడిపినవాడు, ఐనా డెత్ రో అతన్ని ఆర్టిస్టుగా తీసుకోలేదు, అతను న్యూయార్క్ లేబుల్ డెఫ్ జామ్‌కి వెళ్ళిపోయాడు. అంటే డెత్ రో ఆల్బమ్‌లో అన్నిటికంటే పెద్ద హిట్ బయటివాడు చేశాడు, అదీ డెత్ రో సొంత సౌండ్‌తో. ఒక సౌండ్‌ని దాన్ని కనిపెట్టినవాడి కంటే పక్కింటివాడు తేలిగ్గా చేసేస్తున్నాడంటే, కనిపెట్టినవాడికి దాని మీద మోజు తగ్గడానికి అంతకన్నా కారణం ఏం కావాలి. డ్రే ఇలాగే అనుకున్నాడని చెప్పడానికి ఆధారం లేదు గానీ, ఆ తర్వాత ఏడు నెలల్లో అతను చేసిన పాటలు వింటే అనుమానం రాక మానదు.

'అబవ్ ద రిమ్'లో ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది దాటేస్తారు. టూపాక్ ఈ సినిమాలో బర్డీ అనే విలన్‌గా నటించాడు, అతని గ్రూప్ థగ్ లైఫ్ పాట ఒకటి ఆల్బమ్‌లో ఉంది, చనిపోయిన స్నేహితుల పేరు మీద కొంచెం మందు నేల మీద పొయ్యమనే పాట, దానికి బీటు కట్టింది జానీ జే. (టూపాక్‌ది 'పెయిన్' అనే ఇంకో పాట క్యాసెట్ కొన్నవాళ్ళకి మాత్రమే దొరికింది, సీడీ కొన్నవాళ్ళకి లేదు.) టూపాక్ అప్పుడు డెత్ రో ఆర్టిస్టు కాదు, జానీ జే కూడా కాదు. రెండేళ్ళ తర్వాత డెత్ రో తీసుకొచ్చిన అతిపెద్ద ఆల్బమ్ 'ఆల్ ఐజ్ ఆన్ మీ'లో మాత్రం ఎక్కువ బీట్లు కట్టినవాళ్ళలో ఈ జానీ జే ఒకడు. లేబుల్ 1996 నాటి గొంతు, దాని వెనక ఉన్న చెయ్యి, రెండూ 1994 మార్చిలోనే ఒక సినిమా ఆల్బమ్‌లో హాజరు వేయించుకున్నాయి. అందుకే సినిమా ఆల్బమ్‌లు ముందు వినాలి అనేది.

ఇంకా అందులో ఎస్‌డబ్ల్యూవీ, హెచ్-టౌన్, అల్ బి షూర్ లాంటి ఆర్ అండ్ బీ వాళ్ళ పాటలు బోలెడు. ఇవి ఊరికే నింపడానికి వేసినవి అని తీసిపారేసేవాళ్ళున్నారు, కొన్ని నిజంగా అలాంటివే కూడా. వర్జీనియా నుంచి వచ్చిన ర్యాపర్ లేడీ ఆఫ్ రేజ్ 'ఆఫ్రో పఫ్స్' మాత్రం ఆ గుంపులో పడదు, ఆ గొంతుకి ఒక పూర్తి ఆల్బమ్ అప్పుడే చెయ్యాల్సింది, 1997 దాకా ఆపేశారు, అది డెత్ రో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి.

ఇక అసలు ఆల్బమ్. 'మర్డర్ వాజ్ ద కేస్' మొదట 'డాగీస్టైల్'లో ఒక పాట. ఒకడికి తూటాలు తగుల్తాయి, చావబోతూ బతికించమని అడుగుతాడు, ఎవరితో బేరం కుదిరిందో తెలియదు గానీ బతుకుతాడు, డబ్బు వస్తుంది, తర్వాత లెక్క చెల్లించాల్సి వస్తుంది. పాట రిలీజయ్యే టైమ్‌కి స్నూప్ మీద నిజంగానే మర్డర్ కేసు నడుస్తోంది, 1993 ఆగస్టులో జరిగిన కాల్పుల గురించి, 1996 ఫిబ్రవరిలో గానీ నిర్దోషిగా బయటపడలేదు. ఆ పాటని పట్టుకుని డ్రే, ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. నిడివి 18 నిమిషాలు. మన థియేటర్లో ఇంటర్వెల్ పాప్‌కార్న్ లైన్లో నిలబడి వచ్చేలోపు ఐపోయే సినిమా. దానికి ఆల్బమ్ మాత్రం 15 పాటలు, గంట దాటి. ఇంతకంటే క్లియర్‌గా చెప్పక్కర్లేదు, ఇక్కడ సినిమా సాకు, ఆల్బమే సరుకు. సరుకు బాగానే అమ్ముడైంది కూడా, బిల్‌బోర్డ్‌లో నేరుగా మొదటి స్థానం.

మొదటి పాట టైటిల్ సాంగే, కొత్త రీమిక్స్. ఒరిజినల్ చాలా నెమ్మది, శవయాత్ర నడక. రీమిక్స్‌లో డ్రే ఆ నడకని తీసేసి కింద నుంచి తోసే బీటు పెట్టాడు, మాటలు అవే, భయం మాత్రం వేరే రకం. ఒరిజినల్‌లో చనిపోతున్నవాడి భయం ఉంటే, ఇందులో తరుముతున్నవాడి ఊపు ఉంది. అదే మనిషి ఏడాది కూడా తిరక్కుండా తన హిట్‌నే తిరగేసి కుట్టాడన్నమాట, పాత కొలతలు అతనికే పట్టట్లేదని అర్థం.

రెండో పాటకి వస్తే తలుపు పూర్తిగా మూసుకుంటుంది. 'నాచురల్ బార్న్ కిల్లాజ్', డ్రే, ఐస్ క్యూబ్. ఐస్ క్యూబ్ 1989 చివర్లో ఎన్.డబ్ల్యూ.ఏ.ని వదిలి వెళ్ళాడు, 1991లో డ్రేతో సహా పాత గ్రూపు మొత్తాన్నీ ఒక పాటలో ఉతికి ఆరేశాడు, అలాంటిది మూడేళ్ళకి ఇద్దరూ ఒకే మైకు ముందు. ఈ వార్తే పెద్దది కాబట్టి పాట ఎలా ఉందీ అనేది అప్పట్లో ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదనిపిస్తుంది. పట్టించుకుని వినండి ఒకసారి. జార్జ్ క్లింటన్ లేడు, సన్నటి ఈల లేదు, ఎండ లేదు, కారు లేదు. హారర్ సినిమా నేపథ్య సంగీతంలా పైన సైరన్ కేక, కింద గుద్దుతున్న బేస్, మధ్యలో కావాలని ఖాళీగా వదిలేసిన జాగా, ఆ ఖాళీలో డ్రే గొంతు లోపల్నుంచి గర్జించినట్టు. 'క్రానిక్'లో డ్రే మాట్లాడుతున్నట్టు ర్యాప్ చేసేవాడు, ఇక్కడ నటిస్తున్నాడు, ఒక పాత్ర వేస్తున్నాడు. దీనికి వీడియో ఎఫ్. గ్యారీ గ్రే తీశాడు, అందులో పోలీసు వేషంలో తుపాకీ పట్టుకుని ఒక నిమిషం టూపాక్ కూడా కనపడతాడు.

ఈ పాటలో డ్రేకి తోడు నిలబడినవాడి పేరు శామ్ స్నీడ్. డెత్ రో చరిత్ర చెప్పేటప్పుడు ఈ పేరు ఫుట్‌నోట్‌లోకి పోతుంది, అన్యాయం. పెన్సిల్వేనియా మనిషి, అంటే ఈస్ట్ కోస్ట్ డ్రమ్ములు వింటూ పెరిగినవాడు, బీట్లు కడతాడు, ర్యాప్ కూడా చేస్తాడు. ఇదే ఆల్బమ్‌లో అతని సొంత పాట 'యు బెటర్ రెకగ్నైజ్' ఉంది, డ్రే గెస్టుగా వస్తాడు. గెస్టుగా వచ్చింది ఎవరో గమనించాలి, కంపెనీ పెట్టినవాడు కొత్త కుర్రాడి పాటలో పక్కన నిలబడ్డాడు. పాటలో ముందు సీటు డ్రమ్ముది, మెలొడీకి వెనక సీటు, 'రెగ్యులేట్' దాన్ని పూర్తిగా తిరగేసినట్టు. జీ-ఫంక్‌లో మెలొడీ బండి నడిపితే డ్రమ్ము ఊపుకుంటూ వెళ్ళేది. ఇక్కడ మెలొడీ చిన్న చిన్న ముక్కలు, పదే పదే అదే, నిద్రలో వచ్చే పీడకల తిరిగి తిరిగి వచ్చినట్టు. ఐదేళ్ళ తర్వాత 1999లో డ్రే చేసిన '2001' ఆల్బమ్‌లో ఒకే పియానో మెట్టు పట్టుకుని పాట మొత్తం లాగడం, గాలి ఆడేంత ఖాళీ, గడియారంలా కచ్చితమైన డ్రమ్ము వింటాం కదా, ఆ దారి ఇక్కడ మొదలైంది.

ఇప్పుడు అదే ఆల్బమ్‌లో మిగతా భాగం. మూడో పాట డాజ్, కురుప్ట్ ఇద్దరి గ్రూపు డాగ్ పౌండ్‌ది, 'వాట్ వుడ్ యు డూ', బీటు డాజ్ డిల్లింజర్. డాజ్ అంటే స్నూప్‌కి కజిన్, 'క్రానిక్' రోజుల నుంచి స్టూడియోలో డ్రే పక్కన కూర్చుని పని నేర్చుకున్న కుర్రాడు. అతని బీటు విన్నారంటే జీ-ఫంక్ అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు, బేస్ లావుగా, సింథ్ ఈల, నడక కొంచెం బిగించాడు అంతే. గురువు వదిలేస్తున్న దాన్ని శిష్యుడు రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్క పక్క ట్రాకులు, ఒకే సీడీ, ఒకే స్టూడియో వాతావరణం, ఐనా రెండో పాట నుంచి మూడో పాటకి వెళ్తే వేరే ఊరికి వెళ్ళినట్టుంటుంది.

కాంప్టన్ డీజే క్విక్ పాట 'డాలర్స్ అండ్ సెన్స్' ఇంకో దారి చూపిస్తుంది. క్విక్ డెత్ రో ఆర్టిస్టు కాదు, ప్రొఫైల్ రికార్డ్స్ మనిషి, ఈ పాటలో ఎంసీ ఎయిట్ అనే ఇంకో కాంప్టన్ ర్యాపర్‌ని ఏకిపారేస్తాడు, తిట్లలో అంత శుభ్రమైన తిట్లు ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు, నవ్వుతూనే పరువు తీసేస్తాడు. సౌండ్ పరంగా చూస్తే అతనిది ఫంకే గానీ డ్రే ఫంక్ కాదు, లైవ్ బ్యాండ్ రూములో కూర్చుని వాయిస్తున్నట్టు వదులుగా, తేలిగ్గా ఉంటుంది. డ్రే చేతిలో ప్రతి స్వరానికీ ఇస్త్రీ చేసినట్టుంటే క్విక్ దగ్గర మడతలు కనపడతాయి, ఆ మడతలే అందం. 'ఆల్ ఐజ్ ఆన్ మీ' టైమ్‌కి మిక్సింగ్ పని క్విక్ మీద పడిందంటే, ఆ సంబంధానికి ఈ ఆల్బమే పునాది.

తర్వాత ఆర్ అండ్ బీ వైపు. డెత్ రో సింగర్ జ్యుయెల్ పాడిన రెండు పాటలున్నాయి, ఒకటి ఐస్లీ బ్రదర్స్ 1976 నాటి 'హార్వెస్ట్ ఫర్ ద వరల్డ్', రెండోది షర్లీ బ్రౌన్ 1974లో పాడిన 'వుమన్ టు వుమన్', భర్తతో తిరుగుతున్న ఆవిడకి భార్య ఫోన్ చేసి మాట్లాడే పాట. హత్యల సినిమాకి పంటలు, ప్రపంచ శాంతి, మొగుడి గొడవలు ఏంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. న్యూయార్క్ అప్‌టౌన్ రికార్డ్స్ గ్రూపు జోడెసీ డాగ్ పౌండ్‌ని వెంటబెట్టుకుని ఒక పాట పాడింది. షికాగో కుర్రాడు డానీ బాయ్ ఒక పాట పాడాడు. నేట్ డాగ్ ఒకటి, అతను పాడితే ఏ దరిద్రపు మాటైనా చర్చిలో కోయిర్ పాటలా వినపడుతుంది. వీళ్ళందర్నీ కలిపి చూస్తే సూజ్ నైట్ ఆలోచన తెలుస్తుంది, ఆయనకి కావాల్సింది ఒక ర్యాప్ లేబుల్ కాదు, 60ల్లో నల్లజాతి పాప్ పాటల్ని ఇంటింటికీ చేర్చిన మోటౌన్ లాంటి పెద్ద సంస్థ, గ్యాంగ్‌స్టర్ కోటు వేసుకున్న మోటౌన్. డ్రేకి కావాల్సింది కొత్త సౌండ్. ఈ ఇద్దరి కోరికలకీ మధ్య గొడవేమీ లేదు అనిపించొచ్చు, కానీ పెద్ద సంస్థకి ప్రతి నెలా సరుకు కావాలి, డ్రే మాత్రం ఒక పాట మీద వారాలు కూర్చునే రకం. ఆల్బమ్ మీద సరుకు తయారుచేసే చేతులు ఎవరివో లెక్కపెడితే డ్రే చేతులు అప్పటికే మైనారిటీ.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. చీకటి సౌండ్ డ్రేకి కొత్తేం కాదు, 'డీప్ కవర్' అంతకంటే చీకటి, కాబట్టి 1994లో మారిందేమీ లేదు, పాత డ్రే తిరిగొచ్చాడు అంతే అనొచ్చు. సగం నిజం. చీకటి పాతదే. ఐతే 'డీప్ కవర్'లో పాట మొత్తాన్ని మోసేది బేస్ లైన్, అది ఇంకా ఫంకే, తల ఊగుతుంది. 'కిల్లాజ్'లో తల ఊపడం కష్టం, అక్కడ పాట సీన్ల కింద విడగొట్టి ఉంటుంది, సౌండ్లు వచ్చి పోతుంటాయి, కెమెరా కదిలినట్టు. సినిమాకి పాట చెయ్యడం నుంచి పాటనే సినిమాలా చెయ్యడం దాకా వచ్చాడు. రెండున్నరేళ్ళ తేడాలో అది చిన్న ప్రయాణం కాదు.

ఇంకో విషయం, డ్రే తన పేరు మీద 'క్రానిక్' తర్వాత చేసిన పాటలు చూడండి. 1994లో 'కిల్లాజ్', సినిమా ఆల్బమ్. 1995లో 'కీప్ దెయిర్ హెడ్స్ రింగిన్', అది ఐస్ క్యూబ్ నటించిన 'ఫ్రైడే' సినిమా కోసం, డైరెక్టర్ మళ్ళీ ఎఫ్. గ్యారీ గ్రే, ఆల్బమ్ తీసింది ప్రయారిటీ రికార్డ్స్, డెత్ రో కాదు! సింగిల్స్ చార్టులో టాప్ టెన్‌లోకి వచ్చిన పాట, 1979 నాటి ద సీక్వెన్స్ అనే అమ్మాయిల ర్యాప్ గ్రూపు హుక్‌ని, అంటే పదే పదే వచ్చే పల్లవి ముక్కని తీసుకుని కట్టింది, అందులోనూ శామ్ స్నీడ్ చెయ్యి ఉంది. సరదా పాటే గానీ బీటు బిగుసుగా, పొడిగా ఉంటుంది, నూనె తక్కువ. డ్రే, క్యూబ్ కలిసి 'హెల్టర్ స్కెల్టర్' అని ఒక పూర్తి ఆల్బమ్ అనుకున్నారు, రాలేదు. శామ్ స్నీడ్ ఆల్బమ్ కూడా ఆ రోజుల్లో రాలేదు. అంటే డ్రే కొత్త దారికి డెత్ రో లోపల ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా లేదు, దొరికిన ఆనవాళ్ళన్నీ సినిమా ఆల్బమ్‌లలోనే చెల్లాచెదురుగా ఉన్నాయి. సోలో ఆల్బమ్‌లు మాత్రమే వినేవాళ్ళకి 1993 డ్రే నుంచి 1999 డ్రేకి మధ్య పెద్ద గొయ్యి కనపడేది ఇందుకే.

కంపెనీ వైపు మాత్రం పని ఆగలేదు. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో ర్యాప్ పత్రిక 'సోర్స్' అవార్డ్స్ జరిగితే సూజ్ నైట్ స్టేజ్ ఎక్కి, ఆర్టిస్టుల వీడియోల్లో డాన్స్ చేసే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు వద్దనుకునేవాళ్ళు డెత్ రోకి రండి అని న్యూయార్క్ లేబుల్ బ్యాడ్ బాయ్ ఓనర్ పఫీని ఎత్తిపొడిచాడు, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ ర్యాపర్ల మధ్య జరిగిన ఈస్ట్ వెస్ట్ గొడవల గురించి మాట్లాడినప్పుడల్లా ఆ క్లిప్ వేస్తారు. ఆయన అప్పుడు అందుకుంటున్న అవార్డు దేనికంటే 'అబవ్ ద రిమ్' సౌండ్‌ట్రాక్‌కి. అదే ఏడాది అక్టోబర్ 31న డాగ్ పౌండ్ 'డాగ్ ఫుడ్' వచ్చింది, ఫస్ట్ ప్లేస్. బీట్లు ఎక్కువ భాగం డాజ్‌వి, డ్రే మిక్సింగ్‌కి పరిమితం. కంపెనీ పెట్టినవాడు ఫైనల్ మెరుగు దిద్దే మేస్త్రీ ఐపోయాడు. 1996 ఫిబ్రవరిలో 'ఆల్ ఐజ్ ఆన్ మీ', 27 పాటల్లో డ్రే చేసినవి రెండే, 'కాలిఫోర్నియా లవ్' రీమిక్స్, జార్జ్ క్లింటన్ కూడా గొంతు కలిపిన 'కాంట్ సీ మీ'. మార్చిలో వెళ్ళిపోయాడు. 1994 అక్టోబర్ ఆల్బమ్ శ్రద్ధగా విన్నవాళ్ళకి ఈ లెక్కల్లో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

డ్రే లేని డెత్ రో ఎలా ఉంటుందో వినాలంటే మళ్ళీ సినిమా ఆల్బమే దిక్కు, 1997 జనవరిలో వచ్చిన 'గ్రిడ్‌లాక్డ్'. టిమ్ రాత్, టూపాక్ హీరోలు, డెట్రాయిట్‌లో హెరాయిన్ మానేద్దామని ఆఫీసుల చుట్టూ తిరిగే ఇద్దరి కథ, సినిమాగా నిజంగా మంచిది. టూపాక్ అప్పటికి చనిపోయి నాలుగు నెలలు, 1996 సెప్టెంబర్ 13. ఆల్బమ్ మొదటి స్థానం కొట్టింది. స్నూప్, టూపాక్ కలిసి పాడిన పాట ముందు పెట్టారు, జానీ జే చేసిన టూపాక్ పాట ఒకటి, లేడీ ఆఫ్ రేజ్, నేట్ డాగ్, డానీ బాయ్, డాజ్. చెడ్డ ఆల్బమ్ కాదు, డాజ్ పని తనం గట్టిదే. కానీ సౌండ్ ఎక్కడికీ పోవట్లేదు. 1994లో డాజ్ పట్టుకున్న తాడు అదే, ఇంకా అదే చోట పట్టుకుని నిలబడ్డాడు, పక్కనుంచి లాగేవాడు లేడు కాబట్టి తాడు బిగువు పోయింది. డ్రే చీకటి, డాజ్ ఎండ ఒకే సీడీలో ఒకదాన్నొకటి గీసుకుంటుంటే వచ్చిన నిప్పు ఇక్కడ లేదు. ఆర్ అండ్ బీ పాటలు కూడా 1994లో కొత్త వైపుకి తెరిచిన కిటికీలా ఉండేవి, ఇప్పుడు ఖాళీలు పూడ్చడానికి వాడుతున్నట్టుంది.

1997 ఫిబ్రవరిలో సూజ్ నైట్‌కి తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో 'గ్యాంగ్ రిలేటెడ్' అని ఇంకో సినిమా ఆల్బమ్, ఏకంగా డబుల్, జేమ్స్ బెలూషీతో టూపాక్ చేసిన పోలీస్ సినిమాకి. ఫిల్ కాలిన్స్ పాట మీద కట్టిన టూపాక్ పాట ఒకటి అందులో ఉంది, అది ఒక్కటి చాలు ఆల్బమ్ కొనడానికి. మిగతాది గోడౌన్ ఖాళీ చేస్తున్న వ్యవహారం, టూపాక్ వదిలివెళ్ళిన రికార్డింగులు నాలుగు, వాటి చుట్టూ దొరికినవాళ్ళందరూ. డిస్ట్రిబ్యూషన్ కూడా అప్పటిదాకా చేసిన ఇంటర్‌స్కోప్ కాదు, ప్రయారిటీ. ఎన్.డబ్ల్యూ.ఏ. రికార్డుల్ని జనంలోకి తీసుకెళ్ళిన కంపెనీ, రెండేళ్ళ కింద 'ఫ్రైడే' ఆల్బమ్ వేసిన కంపెనీ. ఐస్ క్యూబ్ పాట కూడా ఇందులో ఉంది, 'గ్రీడ్' అని, ఈసారి పక్కన డ్రే లేడు. తర్వాతి ఏడాది స్నూప్ కూడా లేబుల్ వదిలేసి న్యూ ఆర్లీన్స్ లేబుల్ నో లిమిట్‌కి వెళ్ళాడు.

డ్రే, క్యూబ్ మళ్ళీ ఒక పాటలో కలిసింది 1999 డిసెంబర్‌లో, 'చిన్ చెక్', ఎన్.డబ్ల్యూ.ఏ. పేరు మీదే, చనిపోయిన ఈజీ-ఈ జాగాలో స్నూప్. వచ్చింది 'నెక్స్ట్ ఫ్రైడే' సినిమా ఆల్బమ్‌లో, ప్రయారిటీ నుంచి. బీటు డ్రేది, పొడిగా, ఖాళీలు ఎక్కువగా, ఈల లేకుండా.